స్వే బార్ డిస్‌కనెక్ట్ లింకులను సొంతంగా తయారు చేసుకోవచ్చా: నా అనుభవం నుంచి జవాబు

మీరు అడిగినది ఇది: ముందు వైపు సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న ఫోర్ బై ఫోర్ బండికి, రాళ్ల దారుల్లో స్వే బార్‌ను (మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే కడ్డీని) విడదీసి, రోడ్డెక్కే ముందు మళ్ళీ తగిలించుకునేలా పిన్నులతో కూడిన లింకులను సొంతంగా చేసుకోవచ్చా, చేసుకుంటే మామూలు రోడ్డు మీద వేగంగా వెళ్లేటప్పుడు వాటిని నమ్మవచ్చా అని. చేసుకోవచ్చు. నా బండికి నేనే చేసుకున్నాను, చాలాకాలంగా వాడుతున్నాను. అయితే ఈ పనికి దిగేవారిలో ఎక్కువమంది లింకును ఎంత తొందరగా ఊడదీయవచ్చు అన్నదాని మీదే దృష్టి పెడతారు. ఊడదీయడానికి ఏ పిన్నయినా సరిపోతుంది. తగిలించిన తరువాత ఆ కీలు కంపెనీ బోల్టు బిగించినంత గట్టిగా, కదలిక లేకుండా, వంగకుండా పనిచేయాలి. రూపకల్పన అంతా దాని చుట్టూ జరగాలి.

స్వే బార్ నిజానికి ఒక స్ప్రింగే. స్ప్రింగ్ ఉక్కు కడ్డీని రెండు కొసల దగ్గర వంచి, నడిమి భాగాన్ని రబ్బరు బుష్‌లతో ఛాసిస్‌కు బిగించి, కొసలను లింకుల ద్వారా యాక్సిల్‌కు కలుపుతారు. రెండు చక్రాలూ ఒకేసారి పైకి లేస్తే బార్ తన బుష్‌లలో ఊరికే తిరుగుతుంది, దేనికీ అడ్డుపడదు. ఒక చక్రం లేచి రెండోది దిగినప్పుడు మాత్రం తడిగుడ్డను పిండినట్టు మెలిపడి, ఆ మెలికను విప్పుకోబోయి రెండు చక్రాలనూ ఒకే మట్టానికి తేవాలని చూస్తుంది. మలుపులో బండి పక్కకు ఒరిగిపోకుండా కాపాడేది ఈ గుణమే. రాళ్ల మీద ఇబ్బంది పెట్టేదీ ఇదే: ఎడమ చక్రం రాయి మీదికి ఎక్కుతుంటే బార్ కుడి చక్రాన్ని కూడా పైకి లాగుతుంది, దాని మీద బరువు తగ్గుతుంది, లాకర్ (రెండు చక్రాలూ కలిసే తిరిగేలా బిగించే ఏర్పాటు) లేని మామూలు డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల అమరిక) అయితే పట్టు సరిపోని ఆ చక్రమే ఉత్తినే తిరుగుతూ ఉంటుంది, రెండో చక్రానికీ అంతకు మించిన టార్క్ (తిప్పే బలం) అందదు. నిండు కడ్డీకి మెలిపడకుండా నిలిచే బిగువు వ్యాసపు నాలుగో ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది కనుక, 25 మిల్లీమీటర్ల బార్ ఉన్నచోట 30 మిల్లీమీటర్ల బార్ ఉంటే బిగువు రెట్టింపు దాటిపోతుంది. లావైన ముందు బార్ ఉన్న బండ్లలో దాన్ని విడదీసినప్పుడు తేడా స్పష్టంగా తెలియడానికి కారణం అదే. ముందు వైపు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడివిడిగా కదిలే అమరిక) ఉన్న బండ్లలో చక్రపు కదలికను కంట్రోల్ ఆర్మ్‌లు (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేతులు), సీవీ జాయింట్లు (చక్రానికి బలం అందించే షాఫ్ట్ కీళ్లు) ముందే పరిమితం చేస్తాయి. అక్కడ దక్కే లాభం తక్కువ, ఆ శ్రమ పడమని నేను చెప్పను.

ఒకవైపు లింకు మాత్రమే తీస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. బార్ మెలిపడాలంటే రెండు కొసలూ పట్టుబడి ఉండాలి కాబట్టి, ఒక లింకు తీసినా దాని పని ఆగిపోతుందన్నది నిజమే. కానీ రెండో లింకు యాక్సిల్‌తో పాటు బార్‌ను పైకీ కిందికీ ఆడిస్తూనే ఉంటుంది, ఊడిన కొస బ్రేక్ హోస్‌కో టైర్ లోపలి గోడకో తగులుతుంది. నేను చూసిన ఒక బండిలో అలా వేలాడిన లింకు బ్రేక్ హోస్ పైపొరను ఒరుసుకుంటూ పోయి లోపలి అల్లిక దారాలు బయటపడేదాకా వచ్చింది. కాబట్టి రెండు లింకులూ తీయాలి, బార్‌ను పైకి తిప్పి ఛాసిస్‌కు కట్టాలి.

ఇక పిన్ను సంగతి. 12 మిల్లీమీటర్ల పిన్ను స్వే బార్ బలానికి తెగిపోతుందేమోనని భయపడనక్కర్లేదు, 8.8 గ్రేడ్ (బోల్టుల బలాన్ని తెలిపే గుర్తు) ఉక్కు పిన్నును అడ్డంగా కోయడానికి కావలసిన బలం లింకులో మామూలుగా వచ్చే బలం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అసలు ప్రమాదం వంగడంలో ఉంది. యాక్సిల్ బ్రాకెట్ నుంచి ఒకవైపే పొడుచుకొచ్చిన పిన్నుకు లింకు కన్ను (లింకు కొసన ఉండే రంధ్రం) తొడిగారనుకుందాం. బ్రాకెట్ ముఖానికీ కన్ను మధ్యభాగానికీ 25 మిల్లీమీటర్ల దూరం ఉండి, లింకులో సుమారు 400 కిలోల బరువుకు సమానమైన బలం వచ్చిందని లెక్క వేస్తే, పిన్ను మొదట్లో వంపు వల్ల కలిగే ఒత్తిడి 590 మెగాపాస్కల్‌ల (ఒత్తిడి కొలత) దగ్గరికి చేరుతుంది. 8.8 గ్రేడ్ ఉక్కు శాశ్వతంగా వంగిపోయే హద్దు 640. అంటే ఇది ఒక్క పెద్ద గుంతకు, ఒక్క గట్టి కుదుపుకు దాటిపోయే దూరం. పైగా పిన్ను మొదట్లో మర ఉంటే అక్కడ లోపలి మందం 10 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా మిగులుతుంది, ఒత్తిడి హద్దును మించిపోతుంది. అదే దూరంలో పిన్నును 16 మిల్లీమీటర్లకు పెంచితే ఒత్తిడి 250కి దిగుతుంది. అదే 12 మిల్లీమీటర్ల పిన్నును 30 మిల్లీమీటర్ల ఎడం ఉన్న రెండు చెవుల (బ్రాకెట్‌కు ఉండే రంధ్రాల పలకల) మధ్య, రెండు వైపులా ఆనేలా పెట్టి లింకు కన్నును నడుమ ఉంచితే ఒత్తిడి 180 దాటదు. అందువల్ల రెండు చెవుల బ్రాకెట్ పెట్టే చోటు ఉంటే దానినే ఎంచుకోండి. చోటు లేకపోతే లావైన పిన్ను తీసుకుని, లింకు కన్ను బ్రాకెట్‌కు వీలైనంత దగ్గరగా ఉండేలా చూడండి. ఏ పద్ధతిలోనైనా బలం ఆనే చోట మర ఉండకూడదు. నున్నటి ఒడలు ఉన్న భాగమే ఆనాలి.

బోల్టును బ్రాకెట్‌కు వెల్డింగ్ చేసి పిన్నుగా మార్చే పద్ధతిని నేను గట్టిగా వద్దంటాను. 8.8 గ్రేడ్ బోల్టుకు ఆ బలం వేడిచేసి చల్లార్చే ప్రక్రియ వల్ల వచ్చింది, వెల్డింగ్ వేడి దాన్ని పాడుచేస్తుంది, అతుకు పక్కన ఉక్కు పెళుసుబారి సన్నని పగుళ్లు మొదలవుతాయి. సరిగ్గా వంపు బలం ఎక్కువగా ఉండే చోటే అది జరుగుతుంది. అంతకంటే, పిన్నుకు బ్రాకెట్‌ను ఆనుకునే వెడల్పైన భుజం ఉండేలా లేత్ మీద చేయించి, వెనక నుంచి లాక్ నట్టుతో బిగించడం మేలు. 12.9 గ్రేడ్ బోల్టు ఇంకా బలమైనదే కానీ దానికి క్లిప్ బెజ్జం వేయడం కష్టం, దెబ్బ తట్టుకునే ఓర్పు కూడా తక్కువ.

పిన్ను తరువాత చూడవలసింది లింకు ఎటువైపైనా కాస్త వాలగలగడం. సాలిడ్ యాక్సిల్ నిట్టనిలువుగా లేవదు. ట్రాక్ బార్ (యాక్సిల్ పక్కకు జరగకుండా ఛాసిస్‌కు కట్టి ఉంచే కడ్డీ) దాన్ని ఒక వంపు దారిలో తీసుకుపోతుంది, ఒక చక్రం లేచినప్పుడు యాక్సిల్ మొత్తం ఓరగా తిరుగుతుంది. లింకు రెండు కొసల్లోనూ బిగుతైన ఇనుప కీళ్లు పెడితే ఆ ఓర కదలిక అంతా పిన్ను మీద పడుతుంది. నేను పై కొసను కంపెనీ ఇచ్చిన బాల్ జాయింట్‌తోనే ఉంచి, కింది కన్నులో రబ్బరు బుష్, దాని లోపల ఉక్కు గొట్టం, ఆ గొట్టంలోంచి పిన్ను వచ్చేలా చేసుకున్నాను. కదలిక రబ్బరులో జరుగుతుంది, పిన్ను తిరగదు, అరగదు. రాడ్ ఎండ్‌లు (కొసన ఇనుప గోళం ఉండే కీళ్లు) వాడేవారూ ఉన్నారు. అవి బాగా వాలతాయి, కానీ బురదా ఇసుకా చేరితే త్వరగా వదులవుతాయి, రోడ్డు మీద ప్రతి చిన్న కుదుపుకూ చప్పుడు చేస్తాయి.

పిన్నుకూ గొట్టానికీ మధ్య వదులు 0.2 మిల్లీమీటర్లకు మించకుండా చూసుకోండి. డ్రిల్లుతో వేసిన బెజ్జం సాధారణంగా కాస్త పెద్దదవుతుంది, కోలగా కూడా మారుతుంది. కొంచెం చిన్నగా వేసి రీమర్‌తో (బెజ్జాన్ని కచ్చితమైన కొలతకు నున్నగా చెక్కే పనిముట్టుతో) సరిచేయడం ఉత్తమం. వదులు ఉన్న పిన్ను తగిలించి నడిపితే నెమ్మదిగా గుంతలు దాటేటప్పుడు ముందు నుంచి టక్కు టక్కుమనే శబ్దం వస్తుంది, ఆ శబ్దం వచ్చిన ప్రతిసారీ బెజ్జం ఇంకొంచెం పెరుగుతున్నట్టే. బురద దారుల నుంచి వచ్చాక పిన్నును తుడిచి వెలుతురులో తిప్పి చూడండి. గొట్టం అంచు ఆనిన చోట మిగతా ఒడలి కంటే మెరిసే సన్నని పట్టీ కనిపిస్తుంది. ఆ పట్టీ అంచుకు గోరు అడ్డుతగిలితే పిన్ను మార్చే సమయం వచ్చినట్టు. పిన్నులు ఖర్చయ్యే భాగాలే, రెండు అదనంగా బండిలో ఉంచుకోవాలి.

పిన్ను జారకుండా పట్టే క్లిప్ విషయంలో ఆర్ ఆకారపు తీగ క్లిప్‌ను నేను నమ్మను. పొదల్లోంచి వెళ్లేటప్పుడు కొమ్మ తగిలి అది ఊడిపోవచ్చు. ట్రాక్టర్ పనిముట్లకు వాడే, స్ప్రింగు రింగు గట్టిగా మూసుకునే లించ్ పిన్ ఎంతో నయం. క్లిప్ ఉండే కొసను బండి వెనక వైపుకు తిప్పి పెట్టండి, ముందు నుంచి వచ్చే కొమ్మా రాయీ పిన్ను తలకే తగులుతాయి. పిన్నునూ క్లిప్‌నూ సన్నటి ఉక్కు తీగతో బ్రాకెట్‌కు కట్టి ఉంచితే చీకట్లో బురదలో వెతుక్కునే పని తప్పుతుంది.

బండి ఎత్తు పెంచి ఉంటే లింకు పొడవు కూడా ఇంచుమించు అంతే పెరగాలి. బండి చదునుగా నిలిచినప్పుడు బార్ చేతులు నేలకు సమాంతరంగా, లింకులు దాదాపు నిలువుగా ఉండాలి. లింకు పొట్టిదైతే, అది తగిలించి ఉండగా యాక్సిల్ బాగా కిందికి దిగినప్పుడు బార్ చేయీ లింకూ ఒకే గీతలోకి వచ్చి, తిరిగి లేచేటప్పుడు లింకు తప్పు వైపుకు తిరగబడే ప్రమాదం ఉంది. పొడవు మార్చుకునే మర లింకు చేసుకుంటే మర వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు లోపల ఉండాలి, లాక్ నట్టు తప్పనిసరి.

విడదీసిన బార్‌ను సాగే రబ్బరు తాడుతో కట్టడం చాలాచోట్ల చూశాను. కుదుపులకు అది సాగుతుంది, బార్ కిందికి కొట్టుకుంటుంది. ఛాసిస్ పక్కన ఒక చిన్న చెవి బిగించి, లింకు కింది కన్నును అదే పిన్నుతో అక్కడ తగిలించేలా చేసుకుంటే బార్ కదలదు, పిన్నును వేరే దాచుకోనక్కర్లేదు. అలా కట్టి ఉంచి, స్టీరింగ్‌ను రెండు వైపులా చివరి వరకూ తిప్పి, యాక్సిల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు ట్రాక్ బార్‌గానీ టై రాడ్ (స్టీరింగ్‌తో చక్రాలను తిప్పే కడ్డీ) గానీ దానికి తగలడం లేదని చూసుకోవాలి.

విడదీసిన తరువాత చక్రాలు ఇదివరకు వెళ్లని చోట్లకు వెళ్తాయన్నది ఈ మార్పులో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. బయటికి వెళ్లే ముందే చదునైన చోట ఛాసిస్‌ను గట్టి స్టాండ్ల మీద నిలిపి, ఒకవైపు చక్రాన్ని జాకీతో పైకి లేపుతూ రెండో దాన్ని వేలాడనిచ్చి చూడండి. వేలాడే వైపు బ్రేక్ హోస్‌లోనూ ఏబీఎస్ తీగలోనూ ఇంకా వదులు మిగిలి ఉండాలి, కాయిల్ స్ప్రింగు తన గూటిలోంచి జారకూడదు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (యాక్సిల్‌కు ఇంజిన్ బలం తెచ్చే కడ్డీ) కీలు బిగుసుకుపోకూడదు. లేచిన వైపు టైరు ఫెండర్‌కు తగిలేలోపు బంప్ స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే దిమ్మ) ఆనాలి. హోస్ బిగుసుకుంటుంటే పొడవైనది వేయండి లేదా చక్రం అంత కిందికి దిగకుండా పట్టీ బిగించండి. ఈ పరీక్ష చేయకుండా బండిని రాళ్ల మీదికి తీసుకెళ్లవద్దు.

విడదీసిన బండిని వేగంగా నడపకూడదన్నది అందరూ చెప్పేదే, దాని వెనక కారణం మాత్రం తక్కువమంది చెబుతారు. ముందు బార్ లేనప్పుడు బండి ఎక్కువగా ఒరగడం ఒక్కటే కాదు. మలుపులో ఒరగకుండా నిలిపే పనిలో ముందు వాటా తగ్గి వెనక వాటా పెరుగుతుంది. వెనక టైర్లు ముందుగా పట్టు కోల్పోయి బండి వెనక భాగం పక్కకు జారి తిరిగిపోయే అవకాశం పెరుగుతుంది. జీప్ సంస్థ 2007 మోడల్ రాంగ్లర్ రూబికాన్‌లో ముందు బార్‌ను స్విచ్‌తో విడదీసే ఏర్పాటు ఇచ్చినప్పుడు, గంటకు సుమారు 29 కిలోమీటర్ల వేగం దాటగానే అది తనంతట తానే తిరిగి కలిసేలా చేసింది. మన చేతి పిన్నులకు ఆ తెలివి ఉండదు. అందుకే పిన్నులు తీయగానే నేను స్టీరింగ్‌కు ఒక ఎర్ర పట్టీ కడతాను, రెండు వైపులా క్లిప్‌లు పడ్డాకే దాన్ని విప్పుతాను. సస్పెన్షన్ మార్పులకు మీ దగ్గర అనుమతి ఉందో లేదో, బీమా పత్రంలో ఏముందో కూడా ముందే చూసుకోండి.

తిరిగి తగిలించేటప్పుడు చదునైన నేల కావాలి. ఎగుడుదిగుడు చోట ఒకవైపు పిన్ను తేలికగా పడుతుంది, రెండోవైపు బెజ్జాలు కుదరవు. సుత్తితో కొట్టి దూర్చకండి. బండిని కొన్ని అడుగులు ముందుకో వెనక్కో జరిపితే కుదురుతాయి. ఇంకా కొద్ది తేడా ఉంటే ఇంజిన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టాక, ఒకరు బంపర్ మూలను నొక్కుతుండగా మీరు పిన్ను నెట్టవచ్చు. బెజ్జాలు ఎదురెదురుగా వచ్చాయో లేదో వేలు పెట్టి మాత్రం చూడకండి, బండి అర అంగుళం కదిలినా వేలు తెగుతుంది. సన్నటి స్క్రూడ్రైవర్ పెట్టి చూడండి.

మొదటిసారి రోడ్డు మీద కాస్త దూరం నడిపాక ఆగి, బ్రాకెట్ వెనక నట్టును రెంచితో ఒకసారి బిగించి చూడండి, కొత్త రంగు నలిగి నట్టు కొద్దిగా వదులవడం మామూలే. మీ బ్రాకెట్ మందం, లింకు కన్ను వెడల్పు, బండి ఎత్తు ఎంత పెంచారో రాస్తే పిన్ను వ్యాసం, పొడవు లెక్క వేసి చెప్పగలను.