లంగ్ క్యాన్సర్ రేడియేషన్ మధ్యలో వారం రోజులు ఆపొచ్చా?

నాన్నగారికి లంగ్ క్యాన్సర్, రేడియేషన్ సగంలో ఉంది, ఊళ్లో పెళ్లికి ఒక వారం ఆపొచ్చా అని అడిగారు కదా. ఆపకండి.

మా ఇంట్లో ఇదే గొడవ జరిగింది. మా బాబాయి ఒంగోలు వైపు పొగాకు రైతు, బ్యారన్ దగ్గర చుట్ట కాలుస్తూ పెరిగిన మనిషి. హైదరాబాద్‌లో రోజుకొకటి చొప్పున 30 సిట్టింగులు రాశారు, శని ఆదివారాలు సెలవు. నాలుగో వారంలో సంక్రాంతి వచ్చింది. "ఒరే, భోగి నాడు నేను ఇంట్లో లేకపోవటం ఎప్పుడన్నా చూశావా, కనుమ దాటాక వచ్చేద్దాం" అని మొదలుపెట్టాడు. పిన్ని కూడా అటే. పైగా "పది నిమిషాలు పెట్టే కరెంటుకి ఇంత హడావుడేందిరా" అంటాడు. సరిగ్గా ఆ రోజే మెషిన్ పాడైంది. కౌంటర్లో వాళ్లు ఇంజనీర్ రావాలి, పండగ తర్వాత రండి అని చాలా తేలిగ్గా చెప్పేశారు, బాబాయి మొహం వెలిగిపోయింది, గంటలో బ్యాగు సర్దేశాడు.

నాకు మనసొప్పక కింద బేస్‌మెంట్‌లో ఉండే ఫిజిసిస్ట్ (రేడియేషన్ డోస్ లెక్కలు చూసే ఆయన) దగ్గరికి బాబాయిని లాక్కెళ్లా. ఆయనే మొదటిసారి లంగ్ క్యాన్సర్ మీద చేసిన చార్ట్ (CHART) అనే ట్రయల్ గురించి చెప్పాడు, తర్వాత నేను కూర్చుని చదివా. లండన్ పక్కన మౌంట్ వెర్నన్ హాస్పిటల్‌లో మిషెల్ సాండర్స్, స్టాన్లీ డిష్ అని ఇద్దరు డాక్టర్లు, వాళ్ల ఆలోచన ఏంటంటే రేడియేషన్‌కి చావకుండా మిగిలిన క్యాన్సర్ కణాలు మధ్యలో మళ్లీ పెరుగుతాయి కాబట్టి వాటికి టైమే ఇవ్వకూడదు అని. రోజుకి మూడుసార్లు, ఒక్కోదానికి మధ్య కనీసం ఆరు గంటలు, శని ఆదివారాలు కూడా వదలకుండా 12 రోజుల్లో 36 సార్లు, మొత్తం 54 గ్రే (రేడియేషన్ డోస్ కొలత) ఇచ్చి ముగించేశారు. మామూలు పద్ధతిలో ఆరు వారాలపాటు 60 గ్రే. 563 మంది మీద చూసి 1997లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వేశారు, రెండేళ్ల తర్వాత బతికున్నవాళ్లు మామూలు పద్ధతిలో నూటికి 20 మంది, వీళ్ల పద్ధతిలో 29 మంది. గమనించండి, డోస్ తక్కువే, టైమ్ తగ్గించారు అంతే.

బాబాయి అంతా విని "అంటే తల తుంచాక పిలకలొచ్చినట్టా" అన్నాడు. పొగాకు తల తుంచితే పక్క పిలకలు ఎంత ఎగబడి వస్తాయో పండించినోళ్లకి తెలుసు. ఇంక పండగ మాట ఎత్తలేదు. డాక్టర్‌తో మాట్లాడి ఇంకో మెషిన్ మీదకి మార్చారు, పోయిన రోజుల్ని పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి పెట్టి సర్దారు. భోగి రోజు వెయిటింగ్ హాల్లోనే, గొంతు మంటకి పెరుగన్నం కూడా దిగక అందర్నీ తిడుతూ కూర్చున్నాడు. ఇది కూడా చెప్పాలి, చార్ట్‌లో తీవ్రంగా మింగలేని ఇబ్బంది మొదటి మూడు నెలల్లో 19 శాతం మందికి వచ్చింది, మామూలు పద్ధతిలో 3 శాతమే. ఊరికే రాలేదు ఆ లాభం.

ఇప్పుడు బాబాయి పొలం వెళ్లొస్తున్నాడు. కీమో కూడా పడింది అనుకోండి, కానీ ఆ పండక్కి వెళ్లకపోవటం వల్లే అని నా నమ్మకం, ఎవరేమన్నా సరే. బొప్పాయాకు రసం వల్ల అని మా అత్తయ్య అంటుంది, ఆవిడ వాట్సాప్ గురించి మొదలుపెడితే ఇంకో ఆన్సర్ అవుతుంది.

నా కంప్లయింట్ ఏంటంటే, కోట్లు పోసి కొన్న మెషిన్లని శని ఆదివారాలు ఖాళీగా ఎందుకు పెడతారు? స్టాఫ్ లేరు, సర్వీసింగ్ ఉంటుంది అంటారు. ఇంగ్లండ్‌లోనే చార్ట్ మొదలుపెట్టలేని సెంటర్లు ఉండేవి, కారణం అదే, మనుషులు. జర్మనీలో శని ఆదివారాలు సెలవిచ్చి ఇలాంటిదే చేశారు, చార్ట్‌వెల్ అని, బతికే కాలంలో తేడా కనపడలేదు. డోసులు వేరు, పోల్చకూడదు అని ఫిజిసిస్ట్ అన్నాడు, నాకు మాత్రం ఆ సెలవులే దెబ్బకొట్టాయి అనిపిస్తుంది. ఇప్పుడు ఎక్కువమందికి రేడియేషన్‌తో పాటే కీమో ఇస్తున్నారు కాబట్టి మూడుపూటల పద్ధతి పెద్దగా వాడట్లేదు, గ్యాప్ రాకూడదు అన్న మాట మాత్రం అలాగే ఉంది. లంగ్ లాంటి వాటికి రెండు రోజులకి మించి ఆలస్యం కాకుండా చూడాలని, ఒకవేళ ఆలస్యమైతే శనివారమో రోజుకి రెండుసార్లో పెట్టి సర్దాలని బ్రిటన్ రేడియాలజిస్టుల కాలేజీ రూల్సే రాసింది.

పెళ్లికి వెళ్లే తీరాలి, నాన్నగారికి ఓపిక ఉంది, డాక్టర్ కూడా ఒప్పుకున్నారు అంటే శుక్రవారం పొద్దున స్లాట్, సోమవారం సాయంత్రం స్లాట్ అడగండి, చాలామంది ఇస్తారు. ముహూర్తం శనివారమో ఆదివారమో అయితే సిట్టింగ్ పోకుండానే వెళ్లి రావచ్చు.