మాథమాటికా సూత్రాన్ని సింపైలోకి మార్చితే కోణాలు ఎందుకు తప్పుతున్నాయి?

మీరు రోబో చేతి కోణాల సూత్రాన్ని మాథమాటికా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో రాబట్టి, టెక్స్ట్‌గా కాపీ చేసి, ఫైండ్-రీప్లేస్‌తో బ్రాకెట్లు, ^ గుర్తులు, ఫంక్షన్ పేర్లు మార్చి, సింపై (పైథాన్‌లో గణిత సూత్రాలతో పనిచేసే లైబ్రరీ) వాడే పైథాన్ ఫైల్లో పెట్టారు. ఎర్రర్ రావట్లేదు, కోణాలు మాత్రం తప్పు. అంతే కదా?

ముందు ఆర్క్‌టాన్ చూడండి, అంటే ఎక్స్, వై విలువల నుంచి కోణం చెప్పే ఫంక్షన్. మాథమాటికాలో దానికి రెండు విలువలిస్తే మొదటిది ఎక్స్, రెండోది వై. సింపైలోని ఏటాన్2 కి మొదటిది వై, రెండోది ఎక్స్. పేరు మార్చి వరుస మార్చకపోతే ప్రోగ్రామ్ కిక్కురుమనదు. ఎక్స్ 3, వై 4 అయితే రావలసింది 53.13 డిగ్రీలు, మీకు 36.87 వస్తుంది.

ఇంత ధీమాగా ఎందుకు చెబుతున్నానంటే నేనూ ఇదే గోతిలో పడ్డాను. ఎంటెక్ ప్రాజెక్టులో రెండు కీళ్ల చేయి ఒకటి చేశాం. మా గైడ్ గారి పాత నోట్‌బుక్‌లోని సూత్రాలను మీలాగే మార్చుకున్నాను. పరీక్షించలేదా అంటే పరీక్షించాను, ఎక్స్ 1, వై 1 పెట్టి! 45 డిగ్రీలు వచ్చాయి, హమ్మయ్య అనుకున్నాను. అక్కడ ఎటు తిరగేసి రాసినా 45 డిగ్రీలే వస్తాయని తట్టనే లేదు. మూడు రోజులు మోటారునీ, వైరింగునీ, ఎన్‌కోడర్‌నీ అనుమానించాను. చివరికి ల్యాబ్‌లో జూనియర్ ఒకడు "అన్నా, ఎక్స్ 2, వై 0 పెట్టి చూడు" అన్నాడు. సున్నా రావాల్సిన చోట 90 వచ్చింది.

లాగ్‌దీ ఇదే కథ. మాథమాటికాలో బేస్ ముందు, సంఖ్య తర్వాత. సింపైలో సంఖ్య ముందు.

అందుకే ఫైండ్-రీప్లేస్ మానేయండి. మాథమాటికాలో టుస్ట్రింగ్‌కి ఇన్‌పుట్‌ఫార్మ్ ఇచ్చి స్ట్రింగ్ తీసుకోండి. సింపై 1.11 నుంచి పార్స్_మాథమాటికా అనే ఫంక్షన్ ఉంది, ఆ స్ట్రింగ్ దానికివ్వండి. అది సూత్రాన్ని చెట్టులా విడదీసి చదువుతుంది కాబట్టి ఆర్క్‌టాన్, లాగ్ రెండింటి వరుసనూ తనే సరిచేస్తుంది. బయటికి తీసే ముందే గ్రీకు అక్షరాల పేర్లను క్యూ1, క్యూ2 లాంటి మామూలు పేర్లుగా మార్చుకోండి. దశాంశాలుంటే రేషనలైజ్‌కి రెండో విలువగా 0 ఇచ్చి భిన్నాలు చేసుకోండి. లేకపోతే చిన్న సంఖ్యలు 1.5*^-7 రూపంలో వస్తాయి. మీ ఫైండ్-రీప్లేస్ దాన్ని 1.5***-7 చేస్తుంది. అదైతే నయం, కనీసం ఎర్రర్ ఇస్తుంది.

సూత్రాన్ని నేరుగా పైథాన్ ఫైల్లో అతికిస్తే ఇంకో చిక్కు ఉంది. 1/3 అని రాస్తే సింపై చూసేలోపే పైథాన్ దాన్ని 0.3333 చేసేస్తుంది. ఆ తర్వాత సింప్లిఫై ఎంత చేసినా సూత్రం చక్కబడదు. స్ట్రింగ్‌గా ఇస్తే ఈ బాధ లేదు. సేజ్ (పైథాన్ మీద కట్టిన గణిత సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లకు 1/3, ^ లాంటివి దాని ప్రీపార్సర్, అంటే కోడ్‌ని పైథాన్ చదివేలోపే సరిచేసే భాగం, చూసుకుంటుంది. కానీ అదే కోడ్‌ని మామూలు పైథాన్ ఫైల్‌గా సేవ్ చేస్తే ప్రీపార్సర్ పనిచేయదు. ^ అంటే ఘాతం కాస్తా ఎక్స్ఆర్ (బిట్ల మీద చేసే వేరే లెక్క) అయి కూర్చుంటుంది.

నన్ను బాగా విసిగించింది మాత్రం పేర్ల సంగతి. మీ కోడ్‌లో పొడవులను పాజిటివ్ సింబల్స్‌గా ప్రకటించి ఉంటే, పార్సర్ ఇచ్చే ఎల్1, మీ ఎల్1 వేర్వేరు సింబల్స్. ప్రింట్ చేస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. సబ్స్ చేస్తే, అంటే సింబల్ బదులు విలువ పెట్టబోతే, ఏమీ మారదు, ఎర్రరూ రాదు. పార్స్ అయ్యాక ఫ్రీ_సింబల్స్ (సూత్రంలో ఉన్న సింబల్స్ అన్నీ) తీసుకుని, పేరును బట్టి మీ సింబల్స్‌తో ఒకసారి మార్చేయండి.

సరిపోయిందో లేదో చూడటానికి రెండు రూపాలనూ సింప్లిఫై చేసి పోల్చకండి. మామూలు ఫంక్షన్లతో కట్టిన సూత్రం సున్నాయా కాదా అని అన్ని సందర్భాల్లోనూ తేల్చే పద్ధతే ఉండదని రిచర్డ్‌సన్ అనే గణితవేత్త 1968లోనే నిరూపించాడు. విలువలు పెట్టి చూడండి. సూత్రం విలువను అంకెల్లో ఇచ్చే ఫంక్షన్ మాథమాటికాలో ఎన్, సింపైలో ఇవాల్ఎఫ్, రెండింటికీ 30 అంకెలు అడగండి. నాలుగు పాదాల్లోనూ తలా ఒక బిందువు ఉండాలి, ఎక్స్, వై సమానం కాకూడదు. (3, 4), (-2, 5), (-7, -1), (4, -9) నేను ఇప్పటికీ వాడేవి.

ఇవన్నీ చేశాక కూడా తేడా వస్తే, ఏ బిందువు దగ్గర ఎంత వచ్చిందో రెండు వైపుల అంకెలూ పెట్టండి, చూద్దాం.