ఫోకస్ పని బొటనవేలికి అప్పజెప్పు

హనుమకొండ

బిడ్డా,

నువ్వు పంపిన పెండ్లి ఫోటోలన్నీ ఒక్కొక్కటి పెద్దగా చేసి చూశాను. వెలుతురు బాగా పట్టుకున్నావు. కానీ జీలకర్ర బెల్లం దగ్గర పదకొండు ఫోటోలు తీస్తే ఏడింటిలో పెండ్లికూతురి మొహం మసకగా ఉంది. వెనకాల బంతిపూల దండలు మాత్రం రేకురేకూ కనిపిస్తున్నాయి. "లెన్స్ పాడైందా మామా?" అని ఫోన్‌లో అడిగావు. లెన్స్‌కు ఏం కాలేదు. ఒకే బటన్‌తో రెండు పనులు చేయిస్తున్నావు, చిక్కంతా అక్కడే ఉంది. ఇది ఫోన్‌లో చెప్తే తెగదు కాబట్టి రాస్తున్నా.

షట్టర్ బటన్ సగం నొక్కితే ఫోకస్, పూర్తిగా నొక్కితే ఫోటో. కెమెరా డబ్బాలోంచి అలాగే వస్తుంది. అందుకే నువ్వు వేలు పెట్టిన ప్రతిసారీ అది మళ్లీ మొదటి నుంచి ఫోకస్ వెతుక్కుంటుంది. ఆ క్షణాన ఫోకస్ పాయింట్ (కెమెరాలోంచి చూస్తే కనిపించే, ఫోకస్ పట్టే చిన్న గుర్తు) కింద అయ్యగారి చెయ్యి వస్తే చేతి మీదికి, ఇద్దరి తలల మధ్య సందు వస్తే వెనక దండ మీదికి పోతుంది. నువ్వు ఫోకస్ పనిని వెనక బటన్‌కు మార్చి బొటనవేలికి అప్పజెప్పు. చూపుడువేలు ఫోటో మాత్రమే తీయాలి. బొటనవేలు నొక్కి ఉంచినంతసేపు కెమెరా మనిషి వెంట పోతుంది. వేలు తీస్తే ఎక్కడున్న ఫోకస్ అక్కడే ఆగుతుంది.

నీ క్యానన్ 1500డీ కెమెరాలో ఏఎఫ్-ఆన్ (ఏఎఫ్ అంటే ఆటోఫోకస్) అని విడిగా బటన్ లేదు. వెనకవైపు కుడి పైమూలన నక్షత్రం గుర్తు ఉంది కదా, ఆ బటనే మనకు కావాలి. పైనున్న మోడ్ డయల్‌ను ఎం (అన్నీ మనమే పెట్టుకునేది) మీదో ఏవీ (ఎపర్చర్, అంటే లెన్స్ రంధ్రం సైజు, మనం పెట్టుకునేది) మీదో పెట్టు. ఆటోలో ఉంటే ఈ మెనూ కనబడదు. కస్టమ్ ఫంక్షన్లలో "షట్టర్/ఏఈ లాక్ బటన్" అని ఉంటుంది. అందులో 3 అంకె ఉన్నది, "ఏఈ/ఏఎఫ్, నో ఏఈ లాక్" ఎంచుకో. 1 అంకె ఉన్నది పెట్టినా ఫోకస్ వెనక బటన్‌కు మారుతుంది గానీ, షట్టర్ సగం నొక్కగానే ఎక్స్‌పోజర్ (వెలుతురు కొలత, మెనూలో ఏఈ అంటే ఇదే) కూడా లాక్ అయిపోతుంది. మంటపంలో వీడియో వాళ్ల లైట్లు అటూఇటూ తిరుగుతుంటే దాంతో వేగలేం. తర్వాత ఏఎఫ్ మోడ్‌ను ఏఐ సర్వోకు (కదిలే మనిషి వెంట ఫోకస్ పోయే మోడ్‌కు) మార్చు. ఉన్న 9 పాయింట్లలో మధ్యది ఒక్కటే పెట్టుకో. ఈ కెమెరాలో క్రాస్ టైప్ (నిలువు, అడ్డం గీతలు రెండింటినీ పట్టుకునే) పాయింట్ అదొక్కటే, తక్కువ వెలుతురులో దాన్నే నమ్మొచ్చు. సర్వోలో ఫోకస్ కుదిరినా బీప్ రాదు, టెన్షన్ పడకు.

ఇది ఈమధ్య వచ్చిన పద్ధతి కూడా కాదు. 1989లో వచ్చిన క్యానన్ ఈఓఎస్ 630లోనే ఈ సౌకర్యం ఉంది. అప్పుడు రీలు కెమెరాలు. అయినా నాకు తెలిసింది మాత్రం చాలా ఆలస్యంగా, అదీ ఒక నష్టం జరిగాక.

కాజీపేటలో ఒక పెండ్లి. అడ్డుతెర తీసే సమయం. నేను ఎదురుగా నిలబడి షట్టర్ సగం నొక్కి పెట్టుకున్నాను. తెర దించారు, నొక్కాను. కెమెరా జారుతున్న బట్ట అంచును పట్టుకుంది. దాని మీది పసుపు మరకలు కూడా స్పష్టంగా వచ్చాయి, అమ్మాయి కళ్లు రాలేదు. ఆల్బం ఇచ్చినరోజు వాళ్లమ్మ పేజీలు తిప్పుతూ ఆ ఒక్క ఫోటో కోసమే వెతికింది. ఆమెకు నేనేం చెప్పలేకపోయాను. తెర రెండోసారి దించమని అడగలేం కదా బిడ్డా.

ఇప్పుడైతే ఎలా తీస్తానో చెప్తా. తెర పట్టుకోగానే పక్కకు జరిగి, అమ్మాయి మొహం కనిపించేచోట నిలబడతాను. బొటనవేలితో ఆమె కంటి మీద ఫోకస్ చేసి వేలు తీసేస్తాను. ఎపర్చర్ 5.6 దగ్గర పెడతాను. ఇక అడుగు ముందుకూ వెనక్కూ వేయను. ఆ తర్వాత తెర అడ్డమొచ్చినా, ఎవరి చెయ్యి అడ్డమొచ్చినా ఫోకస్ కదలదు. ఆమె తలెత్తినప్పుడు చూపుడువేలు ఒక్కటే పని చేస్తుంది.

ఒక జాగ్రత్త. నీ 50 ఎంఎం లెన్స్‌ను ఎపర్చర్ 1.8లో పెట్టి రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే, స్పష్టంగా ఉండే లోతు దాదాపు 10 సెంటీమీటర్లే. మీటరు దూరానికి వస్తే 3 సెంటీమీటర్లు కూడా ఉండదు. ఫోకస్ చేసి వేలు తీసేశాక ఆమె కొంచెం ముందుకు వంగినా కళ్లు పోతాయి. అంత దగ్గరగా తీసేటప్పుడు వేలు తీయకు, నొక్కే ఉంచు.

సద్దుల బతుకమ్మ రోజు వేయిస్తంభాల గుడికి తప్పకుండా రా, ఈ పద్ధతి చేతికి అలవాటు కావడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఆడవాళ్లు చుట్టూ తిరుగుతూ ఒకసారి నీ వైపు వస్తారు, ఒకసారి దూరం పోతారు. ఒక్క మనిషిని ఎంచుకుని, బొటనవేలు నొక్కి పట్టి, ఆమె వెంటే కెమెరా తిప్పు. చప్పట్లకు వంగి లేచేటప్పుడు షట్టర్ నొక్కు. కింద పెట్టిన బతుకమ్మను తీయాలంటే తంగేడు వరుస మధ్యలో పాయింట్ పెట్టకు. అంతా ఒకే పసుపు కదా, ఆ మసక వెలుతురులో లెన్స్ ముందుకూ వెనక్కూ తడుముకుంటుంది. తంగేడు అయిపోయి గునుగు మొదలయ్యే అంచు మీద పెట్టు, పసుపు పక్కన తెలుపు ఉంటే ఇట్టే పట్టుకుంటుంది. తర్వాత వేలు తీసి, ఫ్రేమ్ ఎలా కావాలంటే అలా సర్దుకో. మరీ చీకటైతే వన్ షాట్‌కు (ఒకసారి ఫోకస్ చేసి ఆగిపోయే ఏఎఫ్ మోడ్‌కు) మారు. ఫోకస్ కోసం కెమెరా వేసే సహాయపు వెలుగు సర్వోలో వెలగదు. బరాత్‌లో కూడా ఇది గుర్తుంచుకో.

రామప్ప గుడిలో చూరు కింది మదనికల శిల్పాలను ట్రైపాడ్ మీద తీసేటప్పుడు మరీ సుఖం. నల్లరాయి, పైగా నీడ. మెడలో హారం చెక్కిన అంచు మీద ఒక్కసారి ఫోకస్ చేసి వేలు తీస్తే చాలు. టైమర్ పెట్టి వెలుతురు మార్చి ఎన్ని తీసినా మళ్లీ వెతుక్కోదు.

కెమెరా ఎవరికైనా ఇచ్చి "మా ఇద్దరినీ ఒకటి తీయవా అక్కా" అంటే మాత్రం మసక ఫోటోనే వస్తుంది. ఆమె షట్టర్ ఒక్కటే నొక్కుతుంది. ఇచ్చే ముందు డయల్‌ను ఆకుపచ్చ ఆటోకు తిప్పు, అందులో పాత పద్ధతే పని చేస్తుంది.

మొదటి వారం చెయ్యి మాట వినదు. నొక్కడం మర్చిపోతావు, ఫోటోలు పోతాయి. అందుకే డబ్బులు తీసుకున్న పెండ్లిలో మొదలుపెట్టకు. రోజూ సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీదికి పో. ఎదురుగా నడిచి వచ్చేవాళ్లను తీయి. వంద తీసినా సరే, రెండు వందలు తీసినా సరే. ఆదివారం కార్డు పట్టుకుని ఇంటికి రా. ఫోకస్ తప్పినవి డిలీట్ చేయకు, ముందు అవే చూద్దాం.

మీ మామ