రెండు బొంగరాలను జతచేసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఉత్తరం అందింది. రెండు కిక్డ్ టాప్‌లను, అంటే క్రమం తప్పకుండా తన్నులు తినే రెండు క్వాంటం బొంగరాలను జతచేసి, వాటి మధ్య పుట్టే, ఒకదాని స్థితిని రెండోదాని నుంచి విడదీసి చెప్పలేని క్వాంటం ముడి అయిన ఎంటాంగిల్‌మెంట్‌ను లెక్కకట్టబోతున్నావని తెలిసి సంతోషించాను. అయితే కేయాస్ (గతిలోని అస్తవ్యస్తత) పెరిగితే ఎంటాంగిల్‌మెంట్ కూడా పెరిగి తీరుతుందని నువ్వు ముందే తీర్మానించుకున్నట్టు నాకు తోచింది.

మొదట జతను పూర్తిగా తెంచి ప్రోగ్రామును నడుపు. ఒక్కో బొంగరం స్పిన్ 20 అయితే దానికి 41 స్థితులు, రెండింటికీ కలిపి 1681. ఒక్కొక్క ఐగెన్ వెక్టరును, అంటే ఒక తన్ను విడత తరువాత ఫేజ్ (దశాకోణం) మాత్రమే మారే స్థితిని, 41 అడ్డువరుసలు, 41 నిలువువరుసల మాత్రికగా పేర్చి, దాని సింగ్యులర్ విలువల వర్గాల నుంచి ఆ ముడిని కొలిచే ఎంట్రోపీ తీస్తే సున్నాయే రావాలి. నాకు మొదటిసారి చాలా స్థితులకు 0.69 దాకా వచ్చింది. పది రోజులు కోడ్‌లో వెతికాను. తప్పు అక్కడ లేదు. రెండు బొంగరాలకూ ఒకే తన్ను బలం ఇచ్చినందువల్ల, ఒకదాని స్థితిని రెండోదానికి మార్చినా మొత్తం ఫేజ్ మారక, కంప్యూటరు ఆ రెండు స్థితులనూ తనకు తోచిన పాళ్లలో కలిపేసింది. 0.69 అంటే 2 యొక్క సహజ సంవర్గమానమే కదా! బలాలను 6, 6.1 లాగా కాస్త వేరుచేయి. తన్నుల మధ్య బొంగరాన్ని తిప్పే కోణం సరిగ్గా π/2 ఉంటే మరికొన్ని సౌష్ఠవాలు దాగి ఉంటాయి కనుక దానినీ కొంచెం జరుపు.

తరువాత జత బలాన్ని ఉత్త సంఖ్యగా చూడకు. ఐగెన్ ఫేజుల మధ్య సగటు ఎడం 2π/1681, అంటే సుమారు 0.0037. జత మాత్రికా మూలకాల పరిమాణం ఈ ఎడం కంటే బాగా చిన్నదైతే స్థితులు దాదాపు విడివిడిగానే ఉంటాయి. దానిని మించితే 1993లో భౌతిక శాస్త్రవేత్త డాన్ పేజ్ యాదృచ్ఛిక స్థితులకు చెప్పిన సగటు ఎంట్రోపీకి, ఇక్కడ 41 సహజ సంవర్గమానం నుంచి అర తీసివేస్తే వచ్చే 3.21కి, చేరువవుతాయి.

ఇక నీ తీర్మానం సంగతి. జత బలహీనంగా ఉన్నప్పుడు క్రమబద్ధ గతిలో దాని ప్రభావం ఒకే దిశలో పోగుపడి, ఎంటాంగిల్‌మెంట్ తొలిదశలో కాలం వర్గంతో పెరగగలదు. కేయాస్‌లో ఆ ప్రభావం తన్ను తన్నుకూ చెదిరిపోతూ ఉంటుంది కనుక పెరుగుదల కాలానికి అనులోమంగానే ఉంటుంది. కాబట్టి తన్ను బలాన్ని 6 నుంచి 12కి పెంచినా వేగం పెరగకపోతే కంగారుపడకు. కేయాస్ ఆధిక్యం చివరికి చేరే ఎత్తులో కనిపిస్తుంది. ఒక్క ఆరంభ స్థితితో ఏదీ తేల్చకుండా, కనీసం కొన్ని పదుల స్థితులకు సగటు తీయి.

గ్రాఫులు పంపేటప్పుడు జత లేని గీతను కూడా అదే పటంలో గీసి పంపు.