ఉమ్మితో పరీక్ష చేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మాది కవిటి దగ్గర పల్లె. మా అమ్మకి కిడ్నీ జబ్బు. నెలనెలా పలాస వెళ్లి రక్తం ఇచ్చి రావడం చూసి, బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి ఏడాదిలో ఉన్న మా పాప ‘ఉమ్మితో టెస్ట్ చేసే బయోసెన్సర్లు తయారు చేస్తాను, నానోటెక్నాలజీలో ఎంటెక్‌కి పంపండి’ అంటోంది. చుట్టాలేమో బీఈడీ చేయించమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: బీఎస్సీ మీద నేరుగా ఎంటెక్ కుదరదండీ, మధ్యలో ఎమ్మెస్సీ ఉంది. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది దాని సంగతే. కోర్సు పేరులో నానో ఉందా అని చూడకండి. ఎలక్ట్రోకెమిస్ట్రీ (రసాయన చర్యలకీ కరెంటుకీ ఉన్న లంకె), అనలిటికల్ కెమిస్ట్రీ (దేంట్లో ఏది ఎంత ఉందో కొలిచే విద్య) గట్టిగా చెప్పే చోటు వెతకండి.

ఎందుకంటే, ఎవరింట్లోనైనా షుగర్ మిషన్ ఉంటే దాని స్ట్రిప్ ఒకటి వెలుతురులో తిప్పి చూడమనండి. కొన్ని రకాల్లో సన్నటి నల్ల గీతలు కనిపిస్తాయి. అది కార్బన్ ఇంకు. శుభలేఖల మీద వేసినట్టే స్క్రీన్ ప్రింటింగ్‌తో వేస్తారు. గ్లూకోజు మీద ఎంజైము పనిచేసినప్పుడు వచ్చే ఎలక్ట్రాన్లను మిషన్‌కి చేర్చేది ఆ గీతే. ఉమ్మిలో గ్లూకోజు, రక్తంలో ఉన్నదాంట్లో సుమారు వందో వంతు. అంత చిన్న కరెంటు పట్టాలనే ఆ ఇంకులో గ్రాఫీనో (ఒక్క పరమాణువంత మందం ఉన్న కార్బన్ పొర), కార్బన్ నానోట్యూబులో (కంటికి కనపడనంత సన్నటి కార్బన్ గొట్టాలు) కలుపుతారు. చిటికెడు పొడిలోనే బోలెడంత ఉపరితలం, పైగా కరెంటు బాగా పారుతుంది.

అసలు తంటా ఉమ్మితోనే. అందులోని జిగురు సెన్సర్ మీద పేరుకుంటుంది. ఇప్పుడే తిన్న ఉప్మా, నమిలిన వక్కపొడి కూడా రీడింగ్ మార్చేస్తాయి. కిడ్నీ విషయంలో ఇంకో చిక్కు: యూరియా ఉమ్మిలోకి తేలిగ్గానే వస్తుంది, కిడ్నీల పనితీరు తెలుసుకోడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ అలా రాదు. పాప పరిశోధన ఫలించేదాకా మీ అమ్మగారి రక్తపరీక్షలు మాత్రం ఆపకండి.

ఎమ్మెస్సీ సీటు కోసం ఐఐటీ జామ్ కెమిస్ట్రీ, ఏపీ పీజీసెట్ ప్రవేశ పరీక్షలు రెండూ రాయించండి. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే, పీహెచ్‌డీలో చేరాక నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. తమిళనాడు కారైకుడిలో సీఎస్ఐఆర్ వారి ఎలక్ట్రోకెమికల్ పరిశోధన సంస్థ ఉంది, ఆ పేరు గుర్తుపెట్టుకోమనండి. పీహెచ్‌డీ దాకా అంటే ఏడేళ్ల పైమాటే, ఇంట్లో అది ముందే మాట్లాడుకోండి. బీఈడీ అంటారా, ఎమ్మెస్సీ అయ్యాక కూడా చేయొచ్చు.

ఈలోగా లెక్చరర్‌ని అడిగి, పొటెన్షియోస్టాట్ (సెన్సర్‌కి వోల్టేజీ ఇచ్చి, వచ్చే చిన్న కరెంటును కొలిచే పరికరం) ఉన్న ల్యాబ్‌లో నెలరోజుల ప్రాజెక్టు చేయమనండి. ఒకే సెన్సర్ పదిసార్లు పది రీడింగులు చూపించినా విసుక్కోకుండా పదకొండోసారి కూర్చుందంటే, చుట్టాలకి నా నంబరు ఇవ్వండి.