జేజినాయన పగ మనవడికి అంటకుండా

ప్రశ్న: కడప జిల్లాలో మాది రెండు వర్గాల ఊరు. పాత గొడవల్లో మా మామను చంపేశారు. కేసు అయిపోయింది, ఊరూ సద్దుమణిగింది. మా పిల్లోడు ఐదో తరగతి. మొన్న బడిలో అవతలి వర్గం పిల్లోడు పక్కన కూర్చున్నాడని వాడి జామెట్రీ బాక్సు విరగ్గొట్టి, 'మీ వాళ్ళు మా జేజినాయనను చంపినారు' అన్నాడంట. మా అత్త రోజూ రాత్రి ఆ కథే చెప్తాది. మా ఆయన 'రోషం ఉండాల్లే' అంటాడు. పిల్లోడికి క్షమించడం ఎట్లా నేర్పాల?

జవాబు: అమ్మా, జేజినాయనను చంపినవాళ్ళను క్షమించమని మీ అబ్బాయికి చెప్పకండి. దెబ్బ తిన్నవాళ్ళే క్షమించగలరు. ఆ హక్కు మీ అత్తగారిది, మీ ఆయనది. పెద్దల తరఫున పదేళ్ళవాణ్ణి క్షమించమంటే జేజికి (నానమ్మకు) ద్రోహం చేస్తున్నట్టు అనుకుని ఇంకా బిగుసుకుంటాడు. వాడి వంతు లెక్క వేరే ఉంది: తోటి పిల్లాడి బాక్సు విరగ్గొట్టాడు. అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

కోపం పూర్తిగా దిగాక, ఇంట్లో ఇంకెవరూ లేనప్పుడు అడగండి. ఏం జరిగింది? అప్పుడు నీకేమనిపించింది? ఆ పిల్లోడికి ఎట్లుండి ఉంటుంది? ఇప్పుడేం చేస్తే సరవుతుంది? 'ఎందుకు చేసినావు' అని మాత్రం అడగొద్దు. దానికి జేజి చెప్పిన జవాబు వాడి దగ్గర తయారుగా ఉంది. కొత్త బాక్సుకు వాడు దాచుకున్న డబ్బులోంచి కొంతైనా పెట్టించండి. ఇచ్చేటప్పుడు 'నీ బాక్సు విరగ్గొట్టినా, నాది తప్పు, ఇది తీసుకో' అంటే చాలు. 'కానీ మీవాళ్ళు...' అని ఒక్క ముక్క చేర్చినా మొత్తం చెడుతుంది. అవతలి పిల్లాడు ముఖం తిప్పుకోవచ్చని ముందే చెప్పి ఉంచండి. అందరి ముందూ చేతులు కలిపించి ఫోటో తీస్తామని బడిలో ఎవరైనా అంటే వద్దనండి. బలవంతంగా కలిపిన చేతులు గేటు దాటగానే విడిపోతాయి, పైగా క్షమాపణంటే పెద్దల కోసం ఆడే నాటకమని పిల్లలకు అర్థమవుతుంది.

జేజినాయన సంగతి దాచొద్దు. దాస్తే బయట ఇంకెవరో ఇంకో రకంగా చెప్తారు. ఇట్లా చెప్పండి: 'జేజినాయనను చంపడం చాలా పెద్ద తప్పు. మనందరికీ ఇప్పటికీ బాధే. దాని సంగతి కోర్టు చూసింది. నీ క్లాసు పిల్లోడు అప్పటికి పుట్టనే లేదు. నువ్వు వాడితో మాట్లాడితే జేజినాయన మీద ప్రేమ తగ్గినట్టు కాదు.' చివరి మాటే అన్నిటికంటే ముఖ్యం. ఆ వయసు పిల్లలకు ఇంటివాళ్ళ నుంచి ఆ అనుమతి కావాలి.

ఇంట్లో అసలు పని అత్తగారి దగ్గరుంది. ఆమె నోరు మూయించాలని చూడకండి. ఆ దుఃఖం వినే మనిషి లేకనే ఆమె మనవడికి చెప్పుకుంటోంది. పిల్లాడు పడుకున్నాక మీరే పక్కన కూర్చుని వినండి. పిల్లాడి ముందు మాత్రం ఆయన ఎట్లా చనిపోయాడో కాక ఎట్లా బతికాడో అడగండి: ఏ చేను ఎట్లా సాగు చేశాడు, ఎద్దులకు ఏం పేర్లు పెట్టాడు, పిల్లలకు ఏం తెచ్చేవాడు. మీ ఆయనతో వాదనకు దిగొద్దు. పిల్లాడి ముందు అవతలి ఇంటిపేరు ఎత్తనని ఒక నెల మాట తీసుకోండి, అంతే.

బడి సంగతికొస్తే, కలిపి కూర్చోబెట్టి అన్నం పెడితే కలిసిపోతారని చాలామంది అనుకుంటారు. 1954లో అమెరికాలోని ఓక్లహోమాలో ముజఫర్ షెరీఫ్ అనే శాస్త్రవేత్త పదకొండేళ్ళ పిల్లలను రెండు జట్లు చేసి, పోటీలు పెట్టి చూశాడు. పగ పెరిగింది. కలిపి భోజనం పెడితే ఒకరి మీద ఒకరు అన్నం విసురుకున్నారు. నీళ్ళు ఆగిపోయి, లారీ మొరాయించి, అందరూ కలిసి తాడు పట్టి లాగితే తప్ప కుదరని పనులు వరసగా వచ్చాకే మెత్తబడ్డారు. ఆయన రెండు జట్లనూ సమానంగా చూశాడన్నది మరిచిపోకూడదు.

1971లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఎలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్నే పాఠంగా మార్చాడు. మీ హెడ్మాస్టరు పెన్నా నది పాఠంతో చేయొచ్చు. ఐదుగురు పిల్లల గుంపు. ఒకరికి నంది కొండల్లో పుట్టుక, ఒకరికి చిత్రావతి, పాపాఘ్ని, కుందూ కలిసే చోట్లు, ఒకరికి గండికోట లోయ, ఒకరికి పంటలు, ఒకరికి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలవడం. ఎవరి ముక్క వాళ్ళే చదివి మిగతావాళ్ళకు చెప్పాలి, పరీక్ష మొత్తం పాఠం మీద. అవతలివాడు చెప్పేది వినకపోతే తనకే మార్కులు పోతాయి. గుంపులో ఒక వర్గం పిల్లాణ్ణి ఒంటరిగా వేయొద్దు, ఇద్దరైనా ఉండాలి. ఒక్క పాఠంతో ఏమీ మారదు, కొన్ని వారాలు నడపాలి. వర్గాల వారీగా కబడ్డీ జట్లు కట్టడం ఆపమనండి.

పీర్ల పండగప్పుడు ఇద్దరినీ కలుపుదామనుకోవద్దు. ఆ గుంపులో తాగినవాళ్ళుంటారు, పాతవి తవ్వుతారు. అవతలి ఇంటికి మీరు ఒంటరిగా పోవద్దు, పిల్లాడి చేత కబురూ పంపొద్దు. రెండు వైపులా చుట్టరికమున్న పెద్దమనిషి ద్వారానే మాట నడపండి. బెదిరింపు వినబడితే 112కు ఫోన్ చేయండి. ఆడవాళ్ళకు న్యాయసహాయం ఉచితం, 15100కు చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాళ్ళు దొరుకుతారు. పిల్లాడు రాత్రి ఉలిక్కిపడి లేవడం, బడికి పోననడం రెండు వారాలు దాటితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416కు ఫోన్ చేసి మాట్లాడండి. హెడ్మాస్టరును కలిసేది వచ్చే వారానికి పెట్టుకోండి, ఈ వారం అత్తగారి దగ్గర కూర్చోండి.