స్టేజీ మీద ఒక్క తప్పు పడితే మిగతాదంతా చెదిరిపోతోందా?

డాన్స్ మధ్యలో ఒక స్టెప్పు తప్పితే ఏడుపు ముంచుకొస్తుందని, ఆ తర్వాత ముఖంలో భావమే పలకదని రాశారు. చదివి మనసు చివుక్కుమంది. నాకూ చాలాకాలం ఇలాగే అయ్యేది.

తప్పు జరగగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె దడదడలాడుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. నాకైతే ముందు దవడ బిగుసుకునేది, తర్వాత వేళ్ల కొసలు చల్లబడేవి. మీకు మొదట ఎక్కడ తెలుస్తుందో గమనించండి. అది పట్టుకోగానే మనసులో ‘ఇది భయం’ అనుకుని, పీల్చినదానికంటే ఎక్కువసేపు ఊపిరి వదలండి. వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది.

అసలు పని మాత్రం రిహార్సల్‌లోనే ఉంది. తప్పు పడిన ప్రతిసారీ ఆపి మొదటినుంచి మొదలుపెడుతుంటే, ఆగడమే ఒంటికి అలవాటైపోతుంది. వారానికి రెండుసార్లైనా, ఏం జరిగినా చివరిదాకా ఆపకుండా చేయండి. ఎవరినైనా కూర్చోబెట్టి, మీకు చెప్పకుండా పాటను కాస్త ముందుకు జరపమనండి. తాళం వెతుక్కుని, దొరికిన చోట కలిసిపోండి. మొదట చాలా చిరాకేస్తుంది, అయినా వదలొద్దు. నన్ను నిలబెట్టింది ఇదే.

ప్రదర్శన అయిన రాత్రే వీడియో చూడకండి, మర్నాడు చూడండి. ఈ టెన్షన్‌తో వారాల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం కౌన్సెలర్‌ని తప్పకుండా కలవండి.